చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంది?

(హైదరాబాద్ నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయం పెద్దవాళ్లతో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? చివరి వరసలో కూర్చున్న అమ్మ తలూపారు, అయితే అందరికీ వినిపిస్తున్నట్టే.

ఇందాక సార్ నన్ను పరిచయం చేస్తూ సైబర్ సెక్యూరిటీ నిపుణుడు అన్నారు. అంత మాట వద్దు సార్. నేను ఫోన్లు రిపేరు చేసేవాణ్ని. ఇరవై ఏళ్ల కింద జగదీశ్ మార్కెట్లో ఒక చిన్న కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నాను. అప్పుడన్నీ కీప్యాడ్ ఫోన్లు. మైకు పోతే మార్చేవాళ్లం, నీళ్లలో పడితే విప్పి ఆరబెట్టేవాళ్లం. ఇప్పుడు విద్యానగర్‌లో సొంత దుకాణం ఉంది. స్క్రీన్ పగిలితే, బ్యాటరీ ఉబ్బితే, చార్జింగ్ పిన్ను వదులైతే నా దగ్గరకు వస్తారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ కౌంటర్ వెనకాల నిలబడి చూసిందే.

మా బావ సంగతితో మొదలుపెడతాను. చెప్పొచ్చా అని ఆయన్నే అడిగాను. "పేరు చెప్పకు, మిగిలింది నీ ఇష్టం" అన్నారు.

మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. బావకి వాట్సాప్‌లో శుభలేఖ వచ్చింది. తెలియని నంబరు నుంచి కాదు, ఆయనతో కలిసి పనిచేసిన స్నేహితుడి నంబరు నుంచే. మా ఇంట్లో పెళ్లి, కుటుంబ సమేతంగా రావాలి అని రెండు ముక్కలు, కింద ఒక ఫైలు. అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు. పేరు చివర ఒక చుక్క, చుక్క తర్వాత ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. బావ ఫోన్లో ఆ మూడు అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. కళ్లజోడేమో ఫ్రిజ్ మీద, ఆయనేమో బాల్కనీలో. ఫైలు మీద నొక్కారు. ఫోన్ ఒక పెట్టె చూపించింది. నొక్కారు. ఇంకో పేజీ వచ్చింది, అందులో ఒక మీట. అదీ జరిపారు. మళ్లీ ఒక పెట్టె, ఈసారి మెసేజ్‌లు చదవడానికి అనుమతి కావాలని. అదీ ఇచ్చేశారు. శుభలేఖ మాత్రం తెరుచుకోలేదు. ఫోన్ పాతబడిపోయింది అనుకుని పక్కన పెట్టి టీ తాగారట.

తర్వాత నేను అడిగాను, "బావా, ఆ పెట్టెల్లో ఏం రాసి ఉంది?" అని.

"ఏమో, ఏదో చిన్నగ రాసి ఉండె. కింద నీలం రంగుల ఉన్నది ఒత్తిన" అన్నారు.

ఈ ఒక్క మాట మీకు చెబుదామనే వచ్చాను. ఆ ఫోన్ మా బావని మూడుసార్లు హెచ్చరించింది. ఆయనకు ఒక్కసారి కూడా కనపడలేదు. ముప్పై మూడేళ్లు అకౌంట్స్‌లో పనిచేసిన మనిషి, లెక్కలో పది పైసలు తేడా వస్తే రాత్రి పది దాకా ఆఫీసులోనే కూర్చున్న మనిషి. తెలివి తక్కువై మోసపోయారంటే నేను ఒప్పుకోను. ఎక్కడ చూసినా "అప్రమత్తంగా ఉండండి, అప్రమత్తంగా ఉండండి" అంటారు. కనపడని అక్షరం మీద ఎట్లా అప్రమత్తంగా ఉంటాం?

అందుకని ముందు కళ్ల సంగతి చూద్దాం, దొంగల సంగతి తర్వాత.

మీ మీ ఫోన్లు తీయండి. సెట్టింగ్స్‌లోకి వెళ్తే డిస్‌ప్లే అని ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు అటూ ఇటూగా మారతాయి, కంగారు పడొద్దు. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన భూతద్దం గుర్తు ఉంటుంది, అందులో ఫాంట్ అని కొట్టండి. రెండు గీతలు కనిపిస్తాయి, జరపడానికి. ఒకటి ఫాంట్ సైజ్, ఇంకోటి డిస్‌ప్లే సైజ్. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. ఫాంట్ సైజ్ అక్షరాలను మాత్రమే పెంచుతుంది. డిస్‌ప్లే సైజ్ అక్షరాలతో పాటు బొమ్మలు, బటన్లు, మధ్యలో ఖాళీలు అన్నీ పెంచుతుంది. వేలు పక్క బటన్ మీద పడుతోంది అనేవాళ్లకు రెండోది కావాలి. చదవడం ఒక్కటే కష్టం అనేవాళ్లకు మొదటిది చాలు. ఐఫోన్ అయితే డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లో టెక్స్ట్ సైజ్, ఇంకా పెద్దది కావాలంటే యాక్సెసిబిలిటీలో దొరుకుతుంది.

2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని రెండింతల దాకా పెంచుకోవచ్చు. అందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. చిన్న అక్షరాలు బాగా పెరుగుతాయి, ముందే పెద్దగా ఉన్న శీర్షికలు అంతగా పెరగవు. లేకపోతే ఒక్క హెడ్డింగే స్క్రీనంతా ఆక్రమించి కూర్చుంటుంది.

మన తెలుగుకు ఇది ఇంకా అవసరం. ఇంగ్లీషు అక్షరం ఒక వరసలో ఒదిగిపోతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము. బకు, భకు మధ్య ఎంత తేడా ఉంది? చిన్న గీత. ద, ధ కూడా అంతే. ఫాంట్ చిన్నదిగా ఉంటే ఒత్తులన్నీ మసి మరకల్లా కనిపిస్తాయి. కొన్ని యాప్‌లలో అయితే కింది ఒత్తు సగానికి కోసుకుపోతుంది. ఆ యాప్ తయారు చేసినవాళ్లు ఒక్కసారైనా తెలుగులో పెట్టుకుని చూసి ఉండరు, నా కోపం అది. పోనీయండి.

ఇంగ్లీషులోనూ తిరకాసులు ఉన్నాయి. చిన్నబడిలో ఎల్, పెద్దబడిలో ఐ, ఒకటి అంకె, మూడూ నిలువు గీతలే. ఆర్ పక్కన ఎన్ పెడితే దూరం నుంచి ఎమ్ లాగే ఉంటుంది. దొంగ వెబ్‌సైట్ల పేర్లు కట్టేది ఇట్లాంటి అక్షరాలతోనే. అక్షరం పెద్దదైతే ఆ మోసం సగం బయటపడుతుంది. అందుకే నా దుకాణంలో కొత్త ఫోన్ సెట్ చేసి ఇచ్చేటప్పుడు మొదట ఫాంట్ సైజే పెంచుతాను, స్క్రీన్ లాక్ తర్వాత.

(ప్రేక్షకుల్లో ఒకరు: మరీ పెద్దది చేస్తే పేజీలో కింద ఉన్నది కనపడదు కదా?)

నిజమే మేడం. అక్షరం పెరిగితే కింద ఉన్న బటన్ స్క్రీన్ దాటి పోతుంది, పైకి తోసుకుంటూ చదవాలి. ఒకేసారి చివరికంటా జరపకండి. ఒక గడి పెంచి రెండు రోజులు వాడండి, చాలకపోతే ఇంకో గడి. వాట్సాప్‌లో చాట్స్ సెట్టింగ్స్ కింద దానికి విడిగా ఫాంట్ సైజ్ ఉంది, చిన్నది, మధ్యస్థం, పెద్దది అని. ఇక ఏ సైజు పెట్టినా చదవలేని పెట్టె ఎదురైతే యాక్సెసిబిలిటీలో మ్యాగ్నిఫికేషన్ ఉంది. అది ఆన్ చేసుకుంటే స్క్రీన్ మీద మూడుసార్లు తట్టగానే ఆ చోటు భూతద్దం పెట్టినట్టు పెద్దదవుతుంది. మీ ఫోన్లో దాన్ని ఎట్లా పిలవాలో అక్కడే రాసి ఉంటుంది. నా లెక్కన ఈ హాల్లో అందరికీ పనికొచ్చే సదుపాయం ఇదే.

వెలుతురు సంగతి. ఆటో బ్రైట్‌నెస్ పని చేయట్లేదని వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. బయటి వెలుతురు చూసే సెన్సర్ ఎక్కువ ఫోన్లలో పైభాగంలో, ముందు కెమెరా దగ్గర ఉంటుంది. ఎవరో తక్కువలో వస్తోందని నల్ల అంచు టెంపర్డ్ గ్లాస్ అతికించి ఉంటారు, ఆ అంచు సరిగ్గా సెన్సర్ మీద కూర్చుంటుంది. ఫోన్ ఏమనుకుంటుంది? రాత్రయిందనుకుంటుంది. గ్లాస్ పీకేస్తే బాగైపోతుంది, నాకు పైసా రాదు. ప్రైవసీ గ్లాస్ కూడా అంతే. మెట్రోలో పక్కవాడికి కనపడొద్దని వేయించుకుంటారు, చివరికి వాళ్లకే కనపడదు. (నవ్వులు) అరవై దాటినవాళ్లు అడిగితే నేను వేయనని చెప్పేస్తాను.

డార్క్ మోడ్ గురించి ఎవరో చీటీ పంపారు. 2019లో ఆండ్రాయిడ్ 10లోనూ, ఐఫోన్‌లో ఐఓఎస్ 13లోనూ ఇది ఫోన్ మొత్తానికి వచ్చింది. అప్పటి నుంచి అందరూ నల్లగా పెట్టుకుంటున్నారు. రాత్రి గదిలో హాయిగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం కోఠి బస్టాప్‌లో నిలబడి డార్క్ మోడ్‌లో చదవండి చూద్దాం. అద్దంలో మీ ముఖం తప్ప ఇంకేం కనపడదు. కొందరికి, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం, అంటే కంటి ముందు పొర వంపు సమంగా లేక చూపు మసకబారే లోపం, ఉన్నవాళ్లకు, నల్ల వెనకభాగం మీద తెల్ల అక్షరాలు చుట్టూ వెలుగు చిమ్మినట్టు అలుక్కుపోతాయి. అట్లాంటివాళ్లకు తెల్లదే మంచిది. బ్యాటరీ మిగులుతుందా అంటే ఓలెడ్ స్క్రీన్ అయితే మిగులుతుంది, అందులో నలుపు అంటే ఆ చుక్క ఆరిపోయినట్టే. ఎల్‌సీడీలో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి పెద్దగా ఏమీ మిగలదు. బ్లూ కట్ అద్దాల గురించి కూడా అడుగుతుంటారు. ఫోన్ వెలుతురుకు కళ్లు చెడిపోతాయని ఆధారాలు లేవనీ, ఆ అద్దాలు తాము సిఫార్సు చేయమనీ అమెరికాలోని కంటి డాక్టర్ల అకాడమీయే చెబుతోంది. ఫాంట్ పెంచినా, వెలుతురు పెంచినా మసకే అంటే తప్పు ఫోన్‌ది కాదు. మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, వెళ్లి శుక్లాలు చూపించుకోండి.

ఇక దొంగల దగ్గరికి వద్దాం.

ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, గమనించారా? ఒక్క యాప్ కూడా వేయమనలేదు. నా దగ్గరకు వచ్చే ఫోన్లలో పెద్ద అక్షరాల యాప్, టార్చి యాప్, బ్యాటరీ పెంచే యాప్, థీమ్ మార్చే యాప్ అని పదీ పదిహేను ఉంటాయి. ఫోన్‌లో ముందే ఉన్న వాటి కోసం బయట వెతుక్కుంటూ పోతారు. దొంగ కూర్చునేది సరిగ్గా ఆ దారిలోనే. వాట్సాప్ పింక్ గుర్తుందా? 2021లో ఒకసారి, 2023లో మళ్లీ ఒకసారి మన దేశమంతా తిరిగింది. ఈ లింకు నొక్కితే మీ వాట్సాప్ గులాబీ రంగులోకి మారుతుంది అని. అంతే, రంగు. రంగు మారుతుందంటే లింకు నొక్కి, దొంగ యాప్ వేసుకుని, తమ గ్రూపులన్నింటికీ తామే పంపినట్టు పంచిపెట్టేశారు.

ఏపీకే అంటే భయపడాల్సిన పదార్థమేమీ కాదు. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ వచ్చేది ఆ రూపంలోనే. ప్లే స్టోర్ నుంచి వచ్చినప్పుడు గూగుల్ ఒకసారి తనిఖీ చేసి ఇస్తుంది. వాట్సాప్‌లోనో, మెసేజ్ లింకులోనో వచ్చినప్పుడు ఆ తనిఖీ లేకుండా నేరుగా మీ చేతిలో పడుతుంది. వాటర్ బబుల్ తెప్పించుకుంటాం కదా. మూత మీద సీలు ఉంటే ఒక నమ్మకం. సీలు లేని బబుల్ ఎవరో తెలియనివాడు గుమ్మంలో పెట్టి పోతే తాగుతామా? నీళ్లు మంచివే కావచ్చు, అయినా తాగం.

సీలు అన్నాను కాబట్టి ఒక విషయం చెప్పాలి, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ప్రతి యాప్ మీద దాన్ని తయారు చేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ సంతకం కలిస్తేనే ఫోన్ ఒప్పుకుంటుంది. అంటే మీ ఫోన్‌లో ఉన్న అసలు బ్యాంకు యాప్ మీద దొంగ యాప్ వచ్చి కూర్చోలేదు. అందుకని వాడు పక్కన ఇంకోటి పెడతాడు, అదే బొమ్మతో, అదే పేరుతో. కేవైసీ అప్‌డేట్ అని ఏదో వేసుకున్నాక ఒకే బ్యాంకు బొమ్మ రెండుసార్లు కనిపించిందంటే అందులో ఒకటి దొంగది. కొన్నిసార్లు వేసుకున్న కాసేపటికి బొమ్మ మాయమైపోతుంది కూడా. బొమ్మ పోయిందంటే యాప్ పోయిందని కాదు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలో అది నక్కి ఉంటుంది.

మా బావ జరిపిన మీట ఏమిటో ఇప్పుడు చూద్దాం. 2017లో ఆండ్రాయిడ్ 8 రాక ముందు, బయటి యాప్‌లను రానివ్వడానికి ఫోన్ మొత్తానికి ఒకటే మీట ఉండేది. ఒకసారి తెరిస్తే ఎటు నుంచైనా రావచ్చు. ఆ తర్వాత దాన్ని విడగొట్టారు. వాట్సాప్‌కి వేరే, క్రోమ్‌కి వేరే, ఫైల్ మేనేజర్‌కి వేరే. సెట్టింగ్స్‌లో భూతద్దం దగ్గర అన్‌నోన్ యాప్స్ అని కొట్టండి. జాబితా వస్తుంది. ప్రతి పేరు కింద అనుమతి లేదు అనే అర్థం వచ్చే మాట ఉండాలి. ఎవరికైనా అనుమతి ఉంది అని కనిపిస్తోందా? చేతులెత్తండి. ... ఒకటి, రెండు, మూడు... ఐదుగురు. సార్, మీది ఏది, వాట్సాప్‌కా? ఇప్పుడే ఆపేయండి. వాట్సాప్‌కి ఆ పని అవసరం లేదు. మీ ఫొటోలు, మెసేజ్‌లు ఏవీ ఆగవు. ఆ పక్కనే ఉన్న అక్కకు కూడా చూపించండి.

సామ్‌సంగ్ కొత్త ఫోన్లలో ఆటో బ్లాకర్ అని సెక్యూరిటీ కింద ఉంది, ఆన్ చేసుకుంటే ఈ దారి మొత్తం మూసేస్తుంది. ప్లే స్టోర్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకు ప్లే ప్రొటెక్ట్ ఉంది, దొంగ యాప్‌లను పట్టే గూగుల్ తనిఖీ అది. ప్లే స్టోర్ తెరిచి పైన మీ బొమ్మ నొక్కితే కనిపిస్తుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎవరైనా ఫోన్ చేసి ముందు దాన్ని ఆఫ్ చేయండి, యాప్ సరిగ్గా ఎక్కడం లేదు అన్నారంటే ఇక మాట్లాడాల్సిన పని లేదు. పెట్టేయండి.

అనుమతుల్లో మూడు నాకు టెన్షన్ పెడతాయి. ఎస్ఎంఎస్ చదవడం, నోటిఫికేషన్లు చదవడం, యాక్సెసిబిలిటీ. మొదటి రెండూ ఓటీపీ కోసం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అంటారు, మా బావ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు, యాప్ చదువుకుని పంపించేసింది. మూడోది ఇంకా గట్టిది. ఇందాక భూతద్దం కోసం మనం తెరిచిన మెనూయే అది. చూపు లేనివాళ్ల కోసం స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు ఆడనివాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన ఏర్పాటు. స్క్రీన్ చదవగలదు, బటన్ నొక్కగలదు అంటే దొంగకు ఇంకేం కావాలి? 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి బయట నుంచి వేసుకున్న ఇట్లాంటి యాప్‌లకు ఆ అనుమతి అంత సులువుగా దొరకదు, మీట బూడిద రంగులో ఆగిపోతుంది. అప్పుడు వాడు ఫోన్ చేస్తాడు. యాప్ వివరాల్లోకి వెళ్లండి సార్, పైన మూడు చుక్కలు నొక్కండి సార్, అని మర్యాదగా దారి చెబుతాడు. ఏ బ్యాంకువాళ్లూ ఆ మూడు చుక్కలు నొక్కమని చెప్పరు.

ప్లే స్టోర్‌లో ఉంటే చాలు, అంతా మంచిదేనా? ఆ మాట నేను అనలేను. 2020 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే రుణ యాప్‌ల వేధింపుల మీద కేసులు పడ్డాయి, కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేశారు. ఆ తర్వాతి నెలలో గూగుల్ కొన్ని రుణ యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. తీసేసింది అంటే అంతకు ముందు అక్కడ ఉన్నాయనే కదా. కాబట్టి స్టోర్‌లో కూడా పేరు కింద సన్న అక్షరాల్లో ఉండే డెవలపర్ పేరు, అంటే యాప్ తయారు చేసినవాళ్ల పేరు, చదవాలి. చదవడానికి ఫాంట్ పెంచి ఉండాలి, మళ్లీ అక్కడికే వచ్చాం చూశారా. వెతికినప్పుడు మొట్టమొదట వచ్చేది చాలాసార్లు ప్రకటన, స్పాన్సర్డ్ అని పక్కన ఉంటుంది. దాన్ని దాటి కిందికి రండి. బ్యాంకు యాప్ అయితే స్టోర్‌లో వెతకడం కంటే పాస్‌బుక్ మీద అచ్చు వేసిన వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడున్న లింకు నుంచి స్టోర్‌లోకి రావడం మేలు.

మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2024లో రాష్ట్రం కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారింది. ఆర్టీసీ పేరు మారింది, కరెంటు సంస్థ పేరు మారింది. మా పేరు మారింది, పాత యాప్ పనిచేయదు, ఈ కొత్తది వేసుకోండి అని ఎవరైనా పంపితే నిజమే అనిపిస్తుంది. అసలు యాప్ పేరు మారితే మీ ఫోన్‌లో ఉన్న యాప్‌కే స్టోర్ ద్వారా అప్‌డేట్ వస్తుంది, వాట్సాప్‌లో ఫైలు రాదు. ట్రాఫిక్ చలానా కూడా ఏపీకే ఫైలుగా రాదు. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదికి కట్ చేస్తాం అని మెసేజ్ వచ్చిందనుకోండి, నిజంగా కట్ చేస్తే కొవ్వొత్తి వెలిగించుకుందాం. ఒక రాత్రికి ఏం కాదు. (నవ్వులు)

(ప్రేక్షకుల్లో ఒకరు: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. నా ఫోన్ అక్కడి నుంచే చూస్తానని ఒక యాప్ వేయించాడు. అది తీసేయాలా?)

ప్లే స్టోర్ నుంచే వేశారా? ఎనీడెస్క్ లాంటిదా? అది మంచి యాపే సార్, ఆఫీసులవాళ్లు రోజూ వాడతారు. చిక్కు ఎక్కడంటే, అట్లాంటి యాప్ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. యాప్ నమ్మకమైనదే, అందులో కనిపించే కోడ్ చెబితేనే అవతలివాళ్లు మీ ఫోన్‌లోకి వస్తారు, ఆ కోడ్ అడుగుతున్నవాడు మీ అబ్బాయా కాదా అన్నదే ప్రశ్న. అబ్బాయి ముందు వీడియో కాల్ చేసి ముఖం చూపించి అడిగితే ఇవ్వండి. పని అయ్యాక తీసేయండి, మళ్లీ కావాలంటే రెండు నిమిషాల పని. అది నడుస్తున్నంత సేపు బ్యాంకు యాప్ తెరవకండి, అబ్బాయే అయినా సరే.

ఐఫోన్ వాళ్లు నవ్వుతున్నారు, మాకు ఇవేవీ లేవని. మన దేశంలో ఐఫోన్‌కు యాపిల్ యాప్ స్టోర్ ఒక్కటే దారి, ఏపీకే పనిచేయదు, అది నిజం. దొంగ వెబ్‌సైట్లు, దొంగ ఫోన్ కాల్స్ మీకూ వస్తాయి. ప్రొఫైల్, అంటే ఫోన్ సెట్టింగ్స్ మార్చేసే ఫైలు, ఇన్‌స్టాల్ చేయండి అని ఏదైనా వెబ్‌సైట్ అడిగితే వద్దనండి.

సరే, జరగరానిది జరిగింది, నొక్కేశారు. అప్పుడేం చేయాలి? మొదట ఫ్లైట్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. యాప్ దొంగిలించింది బయటికి పంపాలంటే దానికి నెట్ గానీ సిగ్నల్ గానీ కావాలి. రెండోది, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు. ఇంకొకరి ఫోన్ అని ఎందుకంటున్నానంటే, మీది ఇప్పుడు మీ చేతిలో లేదు, వాడి చేతిలో ఉంది. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పండి. మీరు చెప్పిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే అని రిజర్వ్ బ్యాంకు 2017లో నియమం పెట్టింది. అందుకే ఫిర్యాదు చేసిన టైము, నంబరు కాగితం మీద రాసుకోండి.

మా బావకి రెండు విడతల్లో నలభై ఎనిమిది వేలు పోయాయి. డబ్బు పోయినట్టు బ్యాంకు పంపిన మెసేజ్‌లు ఆయన ఫోన్‌లో కనపడనే లేదు. ఆయన నంబరు నుంచి అదే శుభలేఖ మా చుట్టాలందరికీ వెళ్లింది. మా మేనత్త ఫోన్ చేసి "మీ ఇంట్లో పెళ్లి ఎవరిది, మాకు చెప్పకుండా ఎప్పుడు కుదిర్చారు?" అని దెబ్బలాడితే అప్పుడు తెలిసింది. (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తోంది, ఆ రోజు రాలేదు. ఆయన ఏం చేశారంటే ఆటో ఎక్కి ముందు నా దుకాణానికి వచ్చారు. నల్లకుంట నుంచి విద్యానగర్ ఎంత, పది నిమిషాలు. నేను ఒకరి ఫోన్ విప్పి సోల్డరింగ్ చేస్తున్నాను, బావ కదా అని కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఇంకో ఇరవై నిమిషాలు అట్లా పోయాయి. రెండో విడత డబ్బు పోయింది ఆ ఇరవై నిమిషాల్లోనే. తర్వాత 1930కి చేస్తే కొంత మొత్తం అవతలి ఖాతాలో ఆపగలిగారు, మిగతాది పోయింది. అందుకని చేతులు జోడించి చెబుతున్నాను, ముందు నా దగ్గరకు రాకండి. ముందు 1930. నా పని తర్వాత.

తర్వాత అంటే ఆ యాప్ తీసేయడం. తీసేస్తుంటే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే అది డివైస్ అడ్మిన్ హక్కు, అంటే ఫోన్ మీద పెత్తనం, తీసుకుని ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆ మీట ముందు ఆపాలి. అప్పటికీ మొండికేస్తే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిస్తే మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు, అప్పుడు తీసేయొచ్చు. కాల్స్ దారి మళ్లించి ఉంటారేమో, డయలర్‌లో రెండు హ్యాష్‌లు, 002, హ్యాష్ కొట్టి కాల్ నొక్కితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీ వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో అందులో కనిపిస్తుంది, తెలియనిది ఉంటే తీసేయండి. ఆ మెసేజ్, ఫైలు పేరు, నంబరు స్క్రీన్‌షాట్లు తీసి వేరే ఫోన్‌కి పంపుకోండి, ఫిర్యాదుకు కావాలి. అవన్నీ అయ్యాకే ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచి కొత్తదానిలా చేయడం. చాలామంది భయంతో ముందే రీసెట్ కొట్టేసి ఆధారాలన్నీ తుడిచేసుకుంటున్నారు. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు శుభ్రమైన ఫోన్ నుంచే మార్చండి.

బావ ఇప్పుడు ఏం చేస్తున్నారు అంటారా? ఫాంట్ మూడు గడులు పెంచాను. మొదట్లో చిరాకు పడ్డారు, ముసలివాళ్ల ఫోన్‌లా ఉందని. పోయిన నెల ఎవరో కొరియర్ పేరుతో లింకు పంపితే స్క్రీన్ మూడుసార్లు తట్టి, పెద్దది చేసి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపారు. కింద ఒకే ముక్క రాశారు, "ఇందులో ఆర్ ఎన్ ఉన్నది, ఎమ్ కాదు" అని.

టీ వచ్చినట్టుంది. నేను కిటికీ పక్కన ఆ టేబుల్ దగ్గర కూర్చుంటాను. ఫాంట్ మార్చుకోవాల్సినవాళ్లు, ఆ ఐదుగురు చేతులెత్తినవాళ్లు ముందు రండి. నల్ల అంచు గ్లాస్ ఉన్నవాళ్లు కూడా రండి, ఊరికే పీకిస్తాను. కళ్లజోళ్లు మాత్రం ఈ ఒక్కసారికి వెంట తెచ్చుకోండి, అక్షరాలు ఇంకా చిన్నవిగానే ఉన్నాయి కదా.